జోనంగికి రాజు లేడు (మా పల్లె చరిత్ర - 23)



పోయిన భాగంలో బుడమేరు వరద గురించి రాస్తూ ఒక కుక్క దగ్గర ఆగిపోయాను. "ఆ కుక్క సంగతి తర్వాత చెప్తా" అన్నాను. చాలామంది ఇన్‌బాక్సులో అడిగారు. కొందరు మాత్రం "అన్నా, మన సమస్యలు ఇన్ని ఉండగా కుక్క మీద వ్యాసమా?" అన్నారు. ఆ ప్రశ్నకి కూడా కిందనే జవాబు ఉంది. ఓపికగా చదవండి.

2024 సెప్టెంబరు మొదటివారం. బెజవాడ సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇంట్లో మేం పై అంతస్తులో ఇరుక్కుపోయాం. కింద ఇల్లంతా నీళ్లు. అమ్మకి డెబ్బై దాటాయి. ఎదురింటి పిట్టగోడ మీద ఒక కుక్క నిలబడి ఉంది. గోధుమరంగు, ఒంటికి అతుక్కున్నంత పొట్టి వెంట్రుకలు, నొసటి మీద ముడతలు. మనిషి ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటుందే, అలాంటి మొహం. రాత్రి అది గొంతెత్తింది. అది మొరుగుడు కాదు, ఊళ కూడా కాదు. గొంతు లోపల్నించి సాగదీసి, పైకెక్కించి, మళ్లీ కిందికి దించింది. పాట పాడుతున్నట్టే ఉంది.

పడుకున్న అమ్మ లేచి కూర్చుంది. "ఒరేయ్, అది జోనంగి రా. మీ తాత కుక్క గొంతు" అంది.

మూడో రోజు పడవ వచ్చింది. పక్కింటివాళ్లు తమ లాబ్రడార్‌ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఎక్కారు. ఎవరూ ఏమీ అనలేదు, అనాల్సింది కూడా లేదు. అమ్మ ఎదురింటి పిట్టగోడ చూపించి "దాన్ని కూడా ఎక్కించండి బాబూ" అంది. పడవలో కుర్రాడు చెడ్డవాడేం కాదు, రెండు రోజుల్నించి నిద్ర లేకుండా తిరుగుతున్నాడు. "అది ఊరకుక్క పెద్దమ్మా, ఎలాగోలా బతుకుద్ది. జాతికుక్క అయితే వేరు" అన్నాడు. అమ్మ తన బిస్కెట్ ప్యాకెట్ అటు విసిరింది. పడవ కదిలింది.

"జాతికుక్క" అన్న ఆ ఒక్క మాట నన్ను ఏడాదిపైగా వదల్లేదు. ఈ వ్యాసం అందులోంచే వచ్చింది.

*

ముందు మా తాత గురించి చెప్పాలి. మాకు సెంటు భూమి లేదు. తాత కొల్లేటి పక్కన బాతులు మేపేవాడు. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు. బెజవాడని ముంచిన బుడమేరు చివరికి వెళ్లి కలిసేది అక్కడే. అక్కణ్ణించి ఉప్పుటేరు దారిలో నీళ్లు సముద్రానికి పోతాయి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా అంతా వరి అయింది. వరి ఎవరిదో మనందరికీ తెలుసు. కోత అయ్యాక మళ్లో రాలిన గింజ మాత్రం ఎవరిదీ కాదు. ఆ రాలిన గింజ మీద, నత్తల మీద, పురుగుల మీద బతికేవి బాతులు. ఆ బాతుల మీద బతికినవాళ్లం మేం.

సార్వా కోతలయ్యాక ఒక ఊరు, దాళ్వా కోతలయ్యాక ఇంకో ఊరు. మందని నడిపించుకుంటూ పోవడమే. రాత్రికి గట్టు మీద వెదురుదడి కట్టి బాతుల్ని లోపల పెట్టేవాడు. బాతు తెల్లవారుజామున గుడ్డు పెడుతుంది. వెలుతురు రాకముందే ఏరుకోవాలి. రాత్రి నక్క వస్తుంది, బావురుపిల్లి వస్తుంది, నీటికుక్క వస్తుంది, పాము వస్తుంది. తాత ఒక్కడు ఎన్ని రాత్రులు మేలుకుంటాడు? అందుకే జోనంగి.

జోనంగి మన తూర్పుతీరపు కుక్క. దీనికి పెద్ద పేరు కొల్లేటి చుట్టూనే. పాత మనుషులు "జోనంగి జాగిలం" అంటారు. ఎత్తు మోకాలికి కాస్త పైకి. సన్నటి నడుము, గట్టి కాళ్లు. చెవులు సగం నిలబడి, కొసన కాస్త వంగి ఉంటాయి. తోక వీపు మీదికి చుట్టుకుంటుంది. గోధుమ, ఎరుపు, నలుపు, తెలుపు, రెండురంగుల కలగలుపు కూడా ఉంటాయి. కళ్లు తేనెరంగు. వెంట్రుక ఎంత పొట్టిగా ఉంటుందంటే, నీళ్లలోంచి లేచి ఒక్కసారి విదిలించుకుంటే ఒళ్లు ఆరిపోతుంది. నేలలో గొయ్యి తవ్వుకుని అందులో చల్లగా పడుకోవడం దీనికి అలవాటు. అన్నిటికన్నా ముఖ్యం దీని గొంతు. మొరగడం తక్కువ, రాగం తీయడం ఎక్కువ.

గుణం కూడా చెప్పాలి. ఇది ఒక్క మనిషినే నమ్ముతుంది. మిగతావాళ్ల దగ్గర ఎడంగా ఉంటుంది. తోకాడించి తిరిగే రకం కాదు. తాత దగ్గర ఉన్న కుక్క మందకి ఒక పక్కన నడిచేది. బాతుని నోటితో ముట్టుకునేది కాదు. తప్పిపోయిన బాతుకి అడ్డం తిరిగి నిలబడేదంతే, బాతు తనే వెనక్కి వచ్చేది. తాత చెప్పే లెక్క ఒకటి అమ్మకి ఇంకా గుర్తుంది: "రాత్రి కుక్క మొరిగితే బాతు బెదురుద్ది. బెదిరిన బాతు పొద్దున గుడ్డు పెట్టదు. మొరిగే కుక్క మనకి కూడు పెట్టదు." ఏ పిల్లని ఉంచుకోవాలో, ఏ పిల్లని ఎవరికిచ్చేయాలో ఆ లెక్కతోనే తేల్చేవాడు. గుడ్లు తినే పిల్ల వద్దు. ఊరికే మొరిగే పిల్ల వద్దు. నీళ్లకి జంకే పిల్ల వద్దు. ఇలా తరాల తరబడి ఏరుకుంటూ వస్తే దాన్ని ఇంగ్లీషువాడు బ్రీడింగ్ అంటాడు. మా తాత బతుకుతెరువు అన్నాడు.

తాత దాని పేరు "దొర" అని పెట్టాడు. పొలంలో "దొరా, ఇటు రా! దొరా, కూర్చో!" అని గట్టిగా పిలిచేవాడట. కామందు గట్టు మీదికి వస్తే మాత్రం "ఏయ్" అనేవాడు. కుక్కకి రెండు పేర్లూ తెలుసు. అమ్మ ఇది చెప్పి ఇప్పటికీ నవ్వుతుంది.

*

ఇప్పుడు "జాతి" సంగతికి వద్దాం.

తెలుగులో జాతి అంటే కులం కూడా, బ్రీడ్ కూడా. ఒకే మాట. జాతికుక్క, జాతిరత్నం, తక్కువజాతి. పేపరు తెరవండి. పోలీసు దగ్గరున్న కుక్క "జాగిలం" అవుతుంది. వీధిలో ఉన్నది "కుక్క" అవుతుంది. మన కావ్యాల్లో రాజు వేటకి వెళ్తే వెంట జాగిలాలు వెళ్తాయి. ఎవరి వెంట నడుస్తుందో దాన్ని బట్టే కుక్కకి పేరు.

ఇంగ్లీషులో ఇది ఇంకా ఘోరం. మన ఊరకుక్కని ఆంగ్లేయులు "పరయా డాగ్" అన్నారు. పరయ అనేది తమిళనాట మన అన్నదమ్ముల కులం పేరు. ఆ కులం పేరు తీసుకెళ్లి కుక్కకి తగిలించారు. ఇప్పటికీ కుక్కల పుస్తకాల్లో, ఇంటర్నెట్లో ఆ పేరు దర్జాగా నడుస్తోంది. బెజవాడవాళ్లుగా మనకి దీనితో ఒక లెక్క ఉంది. 1917 నవంబరులో ఇదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్లు సభ పెట్టి, "పంచములు అనొద్దు, మేం ఆది ఆంధ్రులం, ఈ నేలకి మొదటివాళ్లం" అని తేల్చి చెప్పారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరుని ఒప్పుకుంది. మనం వదిలించుకున్న అవమానాన్ని కుక్క ఇంకా మోస్తోంది. అందులో ఉన్నది మన పేరే కాబట్టి మనమూ మోస్తున్నట్టే.

బ్రీడ్ అనే లెక్క కూడా అంత పాతదేం కాదు. ఇంగ్లండులో మొదటి కుక్కల ప్రదర్శన 1859లో న్యూకాసిల్‌లో జరిగింది. అక్కడి కెన్నెల్ క్లబ్ 1873లో పుట్టింది. తండ్రెవరు, తాతెవరు, చెవి ఎంత, తోక ఎంత అని రిజిస్టర్లు రాయడం మొదలైంది. సరిగ్గా ఆ కాలంలోనే, 1871లో, ఇక్కడ క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. బాపట్ల దగ్గర స్టువార్టుపురం సెటిల్‌మెంటు దాని ఫలితమే. ఎరుకల బిడ్డ పుట్టుకతోనే దొంగ అని రిజిస్టరు చెప్పింది. కుక్కల రిజిస్టరులో రక్తాన్ని బట్టి గుణం. మనుషుల రిజిస్టరులోనూ రక్తాన్ని బట్టే గుణం. కులం అంటే జాతిభేదం, రక్తభేదం అనే వాదాన్ని బాబాసాహెబ్ 1936లో "కుల నిర్మూలన"లో చీల్చి చెండాడింది ఇందుకే.

మరి మన దేశంలో ఏ కుక్కలకి "జాతి" దక్కింది? 2005 జనవరిలో తపాలాశాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేసింది. రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం, హిమాలయన్ షీప్‌డాగ్. రాంపూర్ కుక్క వెనక రాంపూర్ నవాబులున్నారు. ముధోల్ కుక్క వెనక ఘోర్పడే రాజులున్నారు. రాజపాళయం పేరులోనే రాజు ఉన్నాడు. తెలుగునేల నుంచి తమిళదేశానికి వెళ్లి స్థిరపడ్డ మన రాజుల ఊరు అది. నాలుగోది ఒక్కటే కొండల్లో గొర్రెలకాపరుల కుక్క. 2020 ఆగస్టులో ప్రధాని "మన్ కీ బాత్"లో దేశీ కుక్కల్ని పెంచుకోండి అంటూ ముధోల్, హిమాచలీ, రాజపాళయం, కన్ని, చిప్పిపారై, కొంబై పేర్లు చెప్పారు. మన జోనంగి పేరు ఆ స్టాంపుల మీదా లేదు, ఆ మాటల్లోనూ లేదు.

ఆ కుక్కల మీద నాకేం కోపం లేదు. అవి కూడా ఈ నేల బిడ్డలే. వాటిని రోజూ మేపి, కడిగి, పిల్లల్ని సాకింది కూడా పేదవాళ్లే అయ్యుంటారు. పేరు మాత్రం రాజుది. జోనంగికి రాజు లేడు, బాతులు మేపేవాడు ఉన్నాడు. అతని పేరు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు, కాబట్టి అతని కుక్క పేరూ ఎక్కలేదు.

ఆఫ్రికాలో కాంగో అడవుల్లో బసెంజీ అని ఒక కుక్క ఉంది. అదీ మొరగదు, రాగం తీస్తుంది. దానికీ నొసటి ముడతలే. మన జోనంగి ఫొటో పెడితే "బసెంజీయా?" అని అడుగుతారు. అడవిలో వేటగాళ్ల వెంట తరతరాలుగా తిరిగిన ఆ కుక్క 1930లలో ఇంగ్లండు ప్రదర్శనలకి వెళ్లాకే ప్రపంచానికి "జాతి" అయింది. అప్పటిదాకా దాన్ని కాపాడుకున్నవాళ్ల పేర్లు మీకు తెలుసా? నాకూ తెలియదు.

*

ఇప్పుడు ఆ ప్రశ్న. "మనల్ని కుక్కలతో పోలుస్తున్నావా అన్నా?"

లేదు తమ్ముడూ. పోల్చినవాళ్లు వేరే ఉన్నారు. మనుస్మృతి పదో అధ్యాయం తీయి. చండాలుడు ఊరి బయట ఉండాలని, కుక్కలూ గాడిదలే అతని ఆస్తి అని రాసిపెట్టారు. కుక్క పేరు కలిపి "శ్వపచుడు" అని మనిషికి పేరు పెట్టారు. నేను ఏడో తరగతిలో ఉండగా మాస్టారు సుమతీ శతకంలో కుక్క పద్యం చెప్పించేవారు. ఎంత గొప్ప ఆసనం మీద కూర్చోబెట్టినా దాని బుద్ధి మారదనే పద్యం. ప్రతిసారీ లేచి నిలబడి చెప్పాల్సింది మా పల్లె పిల్లలే. తాత్పర్యం చెప్పేటప్పుడు ఆయన చూపు ఎటు ఉండేదో క్లాసంతా చూసేది. మాకు కుక్క మీద కోపం వచ్చేది. ఆయన మీద రావాల్సిన కోపం అది.

పోనీ, కుక్కని గౌరవించిన కథలు లేవా అంటే ఉన్నాయి. ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు. చివరికి ఆ కుక్క యమధర్మరాజు. శంకరాచార్యుడికి కాశీలో చండాలుడు నాలుగు కుక్కలతో ఎదురయ్యాడు. చివరికి చండాలుడు శివుడు, కుక్కలు నాలుగు వేదాలు. కథలో మనిషి దేవుడని తేలాకే దణ్ణం, కుక్క వేదమని తేలాకే దారి. ఉత్త మనిషికి, ఉత్త కుక్కకి ఆ కథల్లో చోటు లేదు.

1927 మార్చిలో మహాడ్ చెరువు దగ్గర బాబాసాహెబ్ లేవనెత్తిన సంగతి కూడా ఇదే కదా. పశువులు తాగే నీళ్లు మనిషి ముట్టుకోకూడదా? 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లని గేదెల కుడితి బకెట్టుతో పాడుచేయొద్దన్నందుకే కదా ఆరుగురిని చంపారు. మహాడ్‌లో గానీ కారంచేడులో గానీ తప్పు పశువుది కాదు. పశువుకి ఉన్న హక్కు మనిషికి లేదన్నవాడిది.

అందుకే నేను జోనంగి గురించి రాస్తున్నది పోలికగా కాదు. అది మా తాత పనితనం. చెప్పు కుట్టడం, డప్పు మూటడం, నేత నేయడం మన చరిత్ర అని రాసుకుంటున్నాం. ఒక జంతువుని తరాల తరబడి ఏరి, నేర్పి, ఈ నీటికీ ఈ మట్టికీ తగ్గట్టు తయారుచేయడం కూడా విద్యే. ఆ విద్య కూడా మన ఖాతాలో రాసుకోవాలి.

*

ఇక చెప్పడానికి కష్టమైన భాగం.

1976 తర్వాత కొల్లేటిలో సహకార సంఘాల పేరిట చేపల చెరువులు మొదలయ్యాయి. తర్వాత పదేళ్లలో గట్లు పెరిగాయి. సంఘంలో పేర్లు పేదలవి, లీజు పెద్దలది. వరి మళ్లు చెరువులయ్యాయి. చెరువులో రాలిన గింజ ఉండదు. బాతుకి మేత పోయింది, బాతులవాడికి దారి పోయింది. జోనంగికి పని పోయింది. ఆకలేసిన కుక్క చెరువులో చేప పట్టుకుంటుంది. గొయ్యి తవ్వే అలవాటుతో గట్టు తవ్వుతుంది. నిన్నటిదాకా కాపలా కాసిన కుక్క చెరువుల యజమానికి దొంగ అయింది. చెరువుల చుట్టూ ఈ కుక్కల్ని వెతికి వెతికి చంపారు.

దొర కూడా అలాగే పోయిందని నాకు తెలుసు. ఎవరు చంపారో తెలియదు. వరద తగ్గాక, చెల్లెలి ఇంట్లో బురద ఎత్తిపోస్తూ అమ్మ చెప్పింది. నాన్న అప్పుడు చేపల చెరువు మీద కాపలా పనిలో చేరాడు. ఇంట్లో అదొక్కటే జీతం. "కుక్కలు కనపడితే నీ పని ఉండదు" అన్నారు. నాన్న అన్నంలో గుళికల మందు కలిపి గట్టు మీద పెట్టాడు. దొర ఒక్క మనిషి చేతి కూడే తినేది, తాత చేతిది. తాత పోయాక నాన్న చేతిది. ఆ రాత్రి కూడా నాన్న చేతి కూడనే తిన్నది.

నాన్న చనిపోయి పదేళ్లయింది. బతికున్నంతకాలం ఇంట్లో కుక్కని పెంచనివ్వలేదు. మాకు కుక్కంటే గిట్టదేమో అనుకున్నాం.

దీన్ని దాచిపెట్టి "పెద్దలు చంపారు" అని రాయొచ్చు. అది కూడా నిజమే. కానీ మందు పెట్టిన చెయ్యి మాది. పెట్టించిన నోరు వేరే. కులం ఇలాగే పనిచేస్తుంది మిత్రులారా. మన విద్యని మన చేత్తోనే చంపిస్తుంది, ఆ తప్పుని మన ఇంట్లోనే ఉంచుతుంది.

1999లో కొల్లేరుని అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు కొట్టేశారు. పక్షుల లెక్క తీశారు, ఎకరాల లెక్క తీశారు. బాతులు మేపినవాళ్లెవరు, వాళ్ల కుక్కలేమయ్యాయి అనే లెక్క మాత్రం నాకెక్కడా కనపడలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. వీధికుక్కలు కరిచేది ఎక్కువగా మన పేటల్లో పిల్లల్నే. కారులో బడికెళ్లే పిల్లవాడికి ఆ భయం తక్కువ. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ ఎత్తేయమంది. 22న దాన్ని మార్చి, ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంది. ఆ పదకొండు రోజులూ టీవీల్లో కుక్కల ప్రేమికులు ఒకవైపు, కుక్కల బాధితులు ఒకవైపు. పేటలో చెత్త ఎత్తకపోవడం గురించి, ఆసుపత్రిలో కుక్కకాటు సూదిమందు దొరకడం గురించి మాట్లాడింది తక్కువ. కుక్కని ప్రేమించమని నేను ఎవరికీ చెప్పట్లేదు. పని ఉన్న కుక్కకి పని తీసేసి, మనిషి తీసేసి, వీధిలో వదిలేసిన చరిత్ర కూడా చూడమంటున్నాను.

*

పోయిన నెల కైకలూరు వైపు ఒక లంకకి వెళ్లాను. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. గట్టు మీద ఒక పెద్దాయన, రెండొందల దాకా బాతులు, రెండు జోనంగులు. ఒకటి ఎర్రది, ఒకటి నలుపు తెలుపు. నన్ను చూసి మొరగలేదు. ఎడంగా నిలబడి చూశాయి.

పెద్దాయన చెప్పిన సంగతి. ఈమధ్య దేశీ కుక్కల మీద మోజు పెరిగిందట. పట్నం నుంచి కారులో ఎవరో వచ్చి పిల్ల కావాలన్నారట. "ప్యూర్ జోనంగియేనా? పేపర్లు ఉన్నాయా?" అని అడిగారట.

"నేనుంటున్న చోటుకే పేపర్లు లేవయ్యా, నా కుక్కకెక్కడివి?" అన్నాడట ఈయన.

రేపు ఈ కుక్కకి కూడా స్టాంపు రావొచ్చు. రిజిస్టరు రావొచ్చు. రావాలి కూడా. అప్పుడు "కొల్లేటి ప్రాంతపు ప్రాచీన జాతి" అని ఒక లైను రాస్తారు. ఆ లైనులో బాతులు మేపినవాళ్ల పేరు ఉంటుందా, ఎవరో జమీందారు కుక్క అని కొత్త కథ పుడుతుందా అనేది మనం ఇప్పుడు ఏం రాసిపెడతామో దాన్ని బట్టి ఉంటుంది. మీ ఇంట్లో తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు ఎవరైనా బాతులు మేపారా? జోనంగిని పెంచారా? దాని పేరేంటి, ఏ ఊళ్లకి తిరిగారు, పిల్లని ఎలా ఏరేవారు? అడగండి. ఫోన్లో రికార్డు చేయండి. రేపటికి వాయిదా వేయొద్దు. ఆ తరం వెళ్లిపోతోంది.

సాయంత్రం పెద్దాయన బాతుల్ని దడిలోకి తోలుతుంటే ఎర్ర కుక్క గొంతెత్తింది. నేను అమ్మకి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా ఫోను అటు పట్టుకున్నాను. చాలాసేపు అటునుంచి మాట లేదు.

తర్వాత అడిగింది, "దానికి కూడు ఎవరు పెడుతున్నారు రా?"

పెద్దాయనే పెడుతున్నాడని చెప్పాను. "సరే" అని ఫోన్ పెట్టేసింది.

వచ్చే భాగంలో తాటిదోనెల గురించి, వాటిని తొలిచినవాళ్ల గురించి రాస్తాను.

జై భీమ్.